కొండదారి సైకిలుకు గాలి కూడా మోతాదు ప్రకారమే



మధుమేహం, రక్తపోటు, నిద్రలేమి వంటి విషయాలు రాసే ఈ చోట సైకిలు టైరులోని గాలి గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ వైద్యవృత్తి చివరి సంవత్సరాల్లో నేను చూసిన ఒక రోగి ఈ విషయాన్ని నా చేత ఆలోచింపజేశారు.

ఆయన యాభై రెండేళ్ల బ్యాంకు ఉద్యోగి. ఎనిమిదేళ్లుగా మధుమేహం ఉంది. మోకాళ్ల నొప్పి వల్ల నడవలేకపోతున్నానంటే సైకిలు తొక్కమని సలహా ఇచ్చినది నేనే. ఆయన ఆ సలహాను నేను ఊహించిన దానికంటే శ్రద్ధగా పాటించారు. వెడల్పాటి టైర్ల మౌంటెన్ బైకు కొని, ఆదివారం వచ్చిందంటే మిత్రులతో కలిసి వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల దారులు పట్టారు. నాలుగైదు నెలల్లో రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది, నడుము చుట్టుకొలత తగ్గింది. ఆ తరువాత ఒకనాడు రెండు చేతులూ చాపి చూపిస్తూ, "డాక్టరు గారూ, షుగరు నరాలకు పట్టినట్టుంది. చిటికెన వేళ్లు మొద్దుబారిపోతున్నాయి. ఇక సైకిలు మానేస్తాను" అన్నారు.

నేనూ దాదాపు ఒప్పుకున్నాను. కానీ మధుమేహం వల్ల నరాలు దెబ్బతింటే సాధారణంగా మొదట తెలిసేది పాదాల్లో. అరికాళ్లలో మంటలు, తిమ్మిరి మొదలై మెల్లగా పైకి పాకుతాయి. చేతుల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. ఈయన పాదాల్లో స్పర్శ చక్కగా ఉంది. మొద్దుబారినది చిటికెన వేలు, ఉంగరపు వేలిలో సగం మాత్రమే. వేళ్ల మధ్య కాగితం పెట్టి గట్టిగా పట్టుకోమంటే అది జారిపోయింది. ఇవి అల్నార్ నరం నలుగుతోందనడానికి గుర్తులు. ఆ నరం మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు, అరచేయి మొదట్లో చర్మానికి చాలా దగ్గరగా పోతుంది. సైకిలు హ్యాండిలు మీద మనం బరువు మోపేది సరిగ్గా అక్కడే.

"టైర్లలో గాలి ఎక్కడ కొట్టిస్తారు?" అని అడిగాను. "పెట్రోలు బంకులోనండీ. రాళ్ల దారి కదా, గట్టిగానే ఉంచుతాను. టైరు మీద 65 దాకా అని ఉంది. నేను 55 మించనివ్వను" అన్నారు, జాగ్రత్త తీసుకున్నవాడి ధీమాతో.

ఈ వ్యాసానికి మూలం ఆ ధీమాయే. రాళ్ల దారికి గట్టి టైరు కావాలన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది పొరపాటనీ, పంక్చరు ఖర్చుతో పోని పొరపాటనీ నా అభిప్రాయం.

ఆ నమ్మకం ఎలా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన పాత సైకిళ్లు సన్నని టైర్లతో తారు రోడ్ల మీద, పాల క్యాన్లూ బియ్యం బస్తాలూ మోస్తూ తిరిగినవి. వాటికి గట్టి గాలి అవసరమే. పైగా ఆ సైకిళ్ల వాల్వుకు మామూలు గేజి అతకదు కనుక బొటనవేలితో నొక్కి చూడటమే మన కొలమానమైంది. వేలు దిగకపోతే గాలి బాగున్నట్టు. ఆ తీర్పునే ఇవాళ వెడల్పాటి కొండదారి టైర్లకూ వర్తింపజేస్తున్నాం. ఆ టైరులో 30 పీఎస్‌ఐ ఉన్నా, 45 ఉన్నా వేలికి తేడా తెలియదు. అరచేతికి మాత్రం తెలుస్తుంది.

టైరు నేలను ఆనే చోటు దాదాపుగా బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేంత ఉంటుంది. వెనుక చక్రం మీద 50 కిలోల బరువు పడుతోందనుకోండి. 50 పీఎస్‌ఐ దగ్గర ఆ టైరు సుమారు 14 చదరపు సెంటీమీటర్ల మేర నేలను పట్టుకుంటుంది. 30 పీఎస్‌ఐ దగ్గర సుమారు 24. రబ్బరు అదే, దారి అదే, పట్టు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది.

ఇక రాయి సంగతి. మెత్తని టైరు గులకరాయిని తనలోకి ఇముడ్చుకొని దాటిపోతుంది. గట్టి టైరుకు ఆ వీలు లేదు. రాయి ఎంత ఎత్తుంటే అంత ఎత్తుకు సైకిలునూ, దాని మీది మనిషినీ లేపి దించుతుంది. అలా లేపడానికి పట్టే శక్తి మీ కాళ్లదే. దించినప్పుడు పుట్టే అదురు పోయేది మీ మణికట్టులోకి, మెడలోకి, నడుములోకి. అందుకే నున్నని రోడ్డు మీద వేగంగా దొర్లే గట్టి టైరు గతుకుల దారిలో నెమ్మదిస్తుంది, తొక్కేవాణ్ణి త్వరగా అలసిపోయేలా చేస్తుంది. గాలి టైరు అసలు పుట్టిందే ఈ అదురును తప్పించడానికి. బెల్‌ఫాస్టులో తన చిన్న కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు తయారు చేసి 1888లో పేటెంటు పొందిన జాన్ బాయిడ్ డన్‌లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. (రాబర్ట్ విలియం థామ్సన్ అనే ఆయన అంతకు నలభై ఏళ్ల ముందే ఇటువంటి దానికి పేటెంటు తీసుకున్నాడు. పాపం, అప్పటికి సైకిలే సరిగా లేదు.) ఒక వైద్యుడు పిల్లవాడి ఒళ్లు అదరకూడదని కనిపెట్టిన వస్తువును మనం రాయిలా బిగించి వాడుతున్నాం.

చేతి తిమ్మిరి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది పడిపోవడం. వెనుక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. మలుపులో ముందు చక్రం జారితే సర్దుకొనే వ్యవధి ఉండదు. అనంతగిరి ఎర్రమట్టి మీద పరచుకొని ఉండే మొరం గులకల్లో, గట్టిగా గాలి నింపిన ముందు టైరు గోలీల మీద కాలు వేసినట్టు జారుతుంది. పడేవాడు అసంకల్పితంగా చేయి చాపుతాడు. విరిగేది మణికట్టు గాని, భుజం పక్క కాలర్ ఎముక గాని. మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా. బెణుకే అనుకొని వదిలేస్తే అతుక్కోక నెలల తరబడి బాధిస్తుంది. యాభై దాటాక, ముఖ్యంగా ముట్లుడిగిన స్త్రీలలో, ఎముకల బలం తగ్గి ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఎంత గాలి ఉండాలి? ఇక్కడే నా వృత్తి అలవాటు బయటపడుతుంది. అందరికీ ఒకే మోతాదు లేదు. మనిషి బరువు, టైరు వెడల్పు, లోపల ట్యూబు ఉందా లేదా, దారి ఎటువంటిది అన్నవి చూసి మొదలుపెట్టి, తరువాత సవరించుకోవాలి. 70 కిలోల మనిషి, 2.2 లేదా 2.3 అంగుళాల టైరు, లోపల ట్యూబు ఉంటే ముందు 27, వెనుక 30 పీఎస్‌ఐతో మొదలుపెట్టవచ్చు. ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనుక 25 చాలు. శరీర బరువు ప్రతి 5 కిలోలకు ఒక పీఎస్‌ఐ చొప్పున హెచ్చించండి, లేదా తగ్గించండి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే చవక సైకిళ్లకు 1.95 లేదా 2.1 అంగుళాల టైర్లే వస్తాయి. వాటికి ఇంకో మూడు నాలుగు కలపాలి. వెనుక బరువు ఎక్కువ పడుతుంది కనుక ముందు టైరులో ఎప్పుడూ కొంచెం తక్కువే ఉండాలి.

టైరు పక్కన అచ్చువేసి ఉండే అంకెల గురించి ఒక మాట. 65 అని ఉంటే అది దాటరాని హద్దు, అంత నింపమనే సలహా కాదు. మందు సీసా మీద గరిష్ఠ మోతాదు రాసి ఉందని ఎవరూ రోజూ అంత తాగరు. కనిష్ఠ అంకె ఉంటే దానికంటే కిందికి దిగవద్దు. నేను చెప్పిన అంకె కంటే అది ఎక్కువగా ఉంటే దాన్నే పాటించండి.

మొదలుపెట్టాక, బాగా తెలిసిన ఒక చిన్న దారి ముక్కను ఎంచుకొని దాని మీదే మళ్లీ మళ్లీ తొక్కి చూడండి. గులకల మీద చక్రం ఎగురుతూ, చేతులు అదురుతుంటే రెండు పీఎస్‌ఐ తగ్గించండి. రాయి తగిలినప్పుడు రిమ్ము ఠక్కుమన్నా, మలుపులో టైరు పక్కకు మడత పడుతున్నట్టు అనిపించినా రెండు పెంచండి. థైరాయిడ్ మాత్ర మోతాదును మేము ఇలాగే సరిచూస్తాం, కాకపోతే వారాల వ్యవధి తీసుకుంటాం. హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు బండల మీద తొక్కేవారు వెనుక టైరులో ఒకటి రెండు ఎక్కువ ఉంచుకోవడం మంచిది. వాన కురిసిన బురద దారిలో ఒకటి రెండు తక్కువ.

కొలవడానికి గేజి కావాలి. వేలు పనికిరాదు. పంపుకు బిగించి ఉండే పెద్ద గేజీలు 160 దాకా చూపేవి. వాటి మీద 25కూ 30కూ మధ్య ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. తక్కువ ఒత్తిడి చూపే చిన్న గేజి ఒకటి విడిగా కొనుక్కోండి. ఎప్పుడూ దానితోనే చూడండి. రక్తపోటు ఒకే యంత్రంతో, ఒకే చేతికి చూసుకోమని చెప్పేది ఇందుకే. చూడవలసిన చోటు కూడా ఇల్లు కాదు, దారి మొదలయ్యే చోటు. వేసవిలో కారులో పెట్టి తీసుకుపోయిన సైకిలు టైరు నీడలో ఉన్నదానికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే గేజి దాదాపు 4 పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది. విశాఖపట్నంలో గాలి నింపి, సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరితే బయటి వాతావరణ పీడనం తగ్గి గేజి ఒకటిన్నర దాకా పెరుగుతుంది, కొండ చల్లదనం అందులో కొంత తిరిగి తగ్గిస్తుంది. ఈ లెక్కలన్నీ వేసుకునే బదులు అక్కడ దిగాక, టైరు చల్లబడ్డాక ఒకసారి కొలవడం తేలిక.

ఇంత చెప్పాక కొందరు రెండో కొసకు పోతారని నాకు తెలుసు. పందేల్లో పాల్గొనేవారి వీడియోలు చూసి 15 పీఎస్‌ఐకి దించే కుర్రవాళ్లు ఉన్నారు. ఆ పోటీదారులకు ట్యూబు ఉండదు, వెడల్పైన రిమ్ములుంటాయి, కొందరి టైరు లోపల రక్షణగా నురగ పట్టీ ఉంటుంది, వెంట మెకానిక్కు ఉంటాడు. ట్యూబున్న టైరులో గాలి మరీ తగ్గితే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పాము కాటులాగా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దిగుడులో ముందు టైరుకు ఇది జరిగితే గాలి ఒక్కసారిగా పోయి మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. గట్టి టైరు చేసే హాని నెలల మీద తెలుస్తుంది. మరీ మెత్తని టైరుది క్షణంలో తెలుస్తుంది.

ఈ విషయంలో దుకాణాల వారిని తప్పు పట్టడం సులువు. సైకిలు అమ్మేటప్పుడు మనిషి ఎత్తు అడుగుతారు, బరువు అడగరు. అడగాలనే నా అభిప్రాయం. కానీ నా సొంత వృత్తి మీద నాకు ఇంకా పెద్ద ఫిర్యాదు ఉంది. ఇన్సులిన్ యూనిట్లు లెక్కపెట్టి రాసే మేము, వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి "సైకిలు తొక్కండి" అని ఒక్క ముక్క రాసి పంపేస్తాం. ఏ సైకిలు, ఏ దారి, హ్యాండిలు ఎత్తు ఎంత, టైరులో గాలి ఎంత అని అడగం. తరువాత ఆయన చేతులు తిమ్మిరెక్కి వస్తే మధుమేహం ఖాతాలో వేసి ఇంకో మాత్ర రాస్తాం. నేను ఆ రోజు పాదాలు పరీక్షించకపోయి ఉంటే అదే చేసి ఉండేవాణ్ణి.

మీకు ఇటువంటి తిమ్మిరి ఉంటే గాలి తగ్గించి ఊరుకోవద్దు. వేళ్లలో బలం తగ్గినా, తొక్కడం మానిన కొన్ని రోజులకు కూడా తిమ్మిరి పోకపోయినా వైద్యుణ్ణి కలవండి. మధుమేహం ఉన్నవారి నరాలు ఒత్తిడికి త్వరగా లొంగుతాయి, వారు అసలు ఆలస్యం చేయకూడదు.

ఆ బ్యాంకు ఉద్యోగికి మూడు వారాలు విశ్రాంతి చెప్పాను. హ్యాండిలు కొంచెం ఎత్తు చేయించుకున్నారు, మెత్తని చేతి తొడుగులు కొన్నారు, 78 కిలోల తన బరువుకూ ట్యూబున్న 2.1 అంగుళాల టైర్లకూ తగినట్టు ముందు 32, వెనుక 35 పెట్టుకున్నారు. స్పర్శ తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. అందులో టైరు వాటా ఎంతో, తొడుగుల వాటా ఎంతో విడదీసి చెప్పలేను. సైకిలు మాత్రం ఆయన మానలేదు. ఈ మధ్య ఫోను చేసి, బరువు నాలుగు కిలోలు తగ్గాననీ, మరి ముందు టైరులో 31 చాలునా అనీ అడిగారు. చాలునన్నాను.