కారు బలం పెరిగితే మన శరీరం మారుతుందా?

శక్తిమంతమైన కొత్త కారు సత్తాను కోటప్పకొండ ఘాట్ రోడ్డుపై పరీక్షించాలనుకునే యువకులకు వైద్యునిగా నా మనవి. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందితే కారు జారకుండా వేగం పుంజుకుంటుంది. ఆగడానికి మాత్రం ఆ ఏర్పాటు తోడ్పడదు. బ్రేకులు, టైర్ల పట్టే ఆధారం. వేగం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక కారు సాగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో, కాలు బ్రేకును చేరే ఒక్క సెకనులోనే 28 మీటర్లు గడిచిపోతాయి. మలుపు అవతల కాలినడకన వచ్చే భక్తులు ఉండవచ్చు.

వేగం నేర్వదలచినవారు చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ వంటి చోట్లకు వెళ్లండి. నిండుగా నిద్రపోయి, హెల్మెట్ ధరించి, శిక్షకుని పర్యవేక్షణలో తొలి ల్యాపులు నెమ్మదిగా తిరగండి. అలసట తోచగానే ఆపండి. కొత్త వేగానికి కన్ను, మెదడు, కాలు క్రమంగానే అలవాటుపడతాయి. త్రికోటేశ్వరుని కొండకు దర్శనం కోసమే రండి.