తప్పు ఒకటే, తీర్పులు రెండు

మూడో తరగతిలో నన్ను 'వల' రాయమంటే 'పల' రాసేవాణ్ణి. ఒక అక్షరానికి ఉండవలసిన ఒత్తు మరో అక్షరం కిందికి చేరేది. పలక చూసి బెత్తం ఎత్తిన ఉపాధ్యాయుడు అన్న మాట నేటికీ చెవిలో ఉంది: 'మీ వాడకు చదువెందుకురా?'

ఆ తడబాటు పేరు డిస్లెక్సియా అని విశ్వవిద్యాలయంలో అధ్యాపకుణ్ణయ్యాక గానీ నాకు తెలియలేదు. తెలివితేటలతో నిమిత్తం లేకుండా, అక్షరాన్ని ధ్వనితో జతపరచడంలో ఎదురయ్యే ఇబ్బంది అది. ఏ కులపు బిడ్డకైనా ఉండవచ్చు. దానికి దక్కే పేరు మాత్రం కులాన్ని, ఆదాయాన్ని బట్టి మారుతుంది. నగరంలోని ఖరీదైన బడిలో బిడ్డ అక్షరాలు తారుమారు చేస్తే తల్లిదండ్రులు మనస్తత్వ నిపుణుణ్ణి సంప్రదిస్తారు. దళితవాడ బిడ్డ అదే తప్పు చేస్తే తరతరాల అపవాదుకు మరో సాక్ష్యం దొరికినట్లు భావిస్తారు.

ఈ చూపునకు శాస్త్రం మాటున కూడా చోటు దొరికింది. 1975 నాటి అమెరికా ప్రత్యేక విద్యా చట్టం, ప్రధానంగా పేదరికం వల్ల తలెత్తే చదువు ఇబ్బందులను అభ్యసన వైకల్యం నిర్వచనం నుంచి మినహాయించింది. మన చట్టంలో అటువంటి మినహాయింపు లేకపోయినా, 'ఇంట్లో చదువుకున్నవారు లేరు, అందుకే రాదు' అనే మాట మన బడుల్లో వినిపిస్తూనే ఉంది. మొదటి తరం విద్యార్థికి పేదరికమూ ఉండవచ్చు, డిస్లెక్సియా కూడా ఉండవచ్చు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో అభ్యసన వైకల్యాలూ ఉన్నాయి. 1995 నాటి చట్టంలో వాటి ఊసే లేదు. వాటిని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలని 16వ సెక్షన్, బడి పిల్లలపై ఐదేళ్లకోసారి సర్వే జరపాలని 17వ సెక్షన్ ఆదేశిస్తున్నాయి. వైకల్యం కనీసం 40 శాతమని ధ్రువీకరిస్తే ఉన్నత విద్యలోనూ ప్రభుత్వోద్యోగాలలోనూ రిజర్వేషన్ వర్తిస్తుంది. ఆ ధ్రువపత్రానికి తొలిమెట్టు బిడ్డ తడబాటును గుర్తించే గురువు. ఆ గురువే 'వీళ్లింతే' అనుకుంటే చట్టం వాడ పొలిమేర దాటి లోపలికి రాదు.

పేద పిల్లలకు ఆశాదీపాలైన గురుకులాలనే చూడండి. ఐదో తరగతిలో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రశ్నను చదవడానికే తంటాలు పడే చురుకైన బిడ్డ అక్కడే వెనుదిరుగుతాడు. ఎవరికి సాయం ఎక్కువ అవసరమో వారినే ఆ పరీక్ష వడగట్టేస్తోంది.

నన్ను చూపి 'పట్టుదల ఉంటే చాలు' అనవద్దని మనవి. సంక్షేమ హాస్టల్లో ఒక మిత్రుడు రాత్రుళ్లు పాఠాలు పైకి చదివేవాడు. నేను విని గుర్తుంచుకునేవాణ్ణి. పదో తరగతి తర్వాత ఇల్లు గడవక అతడు కూలికి వెళ్లాడు, నేను పీహెచ్‌డీ చేశాను. ఇందులో ప్రతిభ ఎవరిది?

డీఈడీ, బీఈడీ శిక్షణలో డిస్లెక్సియాను గుర్తించడం నేర్పాలి. ప్రభుత్వ బడుల్లో, గురుకులాల్లో ఉచితంగా పరీక్షలు జరపాలి. ప్రవేశ పరీక్షలో అదనపు సమయమిచ్చి, ప్రశ్నలు చదివి వినిపించాలి. సామాజిక న్యాయం కోరే విద్యార్థి సంఘాలు తమ డిమాండ్లలో వీటిని కూడా చేర్చాలి. నాకు ఆ మిత్రుడు దొరకడం అదృష్టం. పిల్లల చదువును అదృష్టానికి వదిలేసే వ్యవస్థను న్యాయమైనదనలేం.