కడలివేట — కార్మికుల ప్రాణరక్షణ

జీవనోపాధికై మనుష్యుడు అవలంబించిన వృత్తులలో సముద్రమున చేపలవేటకంటె ప్రాణాపాయకరమైనవి అరుదు. ఈ వృత్తియందు ఏటేట 24,000 మంది మరణించుచున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో అంచనా వేసినది. 2022లో వెలువడిన మరియొక పరిశోధన ఈ సంఖ్య లక్షకు మించునని తేల్చినది. ఈ రెండు అంకెల నడుమగల అంతరమే అసలు సంగతిని చెప్పుచున్నది. పెక్కు దేశములలో చిన్న పడవలపై జరుగు మరణములు ఏ దస్తరమునను నమోదు కావు. లెక్కకు రాని చావు చట్టము దృష్టికిని రాదు.

ఈ విషయమై నానాదేశముల ప్రయత్నము నిన్న మొన్న పుట్టినది కాదు. 1920లో జెనోవా నగరమున సమావేశమైన కార్మిక మహాసభ చేపలవేటలో పనిగంటలను గూర్చి సిఫారసు చేసినది. 1959లోను 1966లోను వయఃపరిమితి, వైద్యపరీక్ష, ఓడలలో వసతి మొదలగువానిపై వేర్వేరు ఒడంబడికలు వెలసినవి. వీని నన్నిటిని ఏకము చేయు ముసాయిదా 2005లో వోటునకు రాగా, అనుకూలురే అత్యధికులైనను కోరము చాలక వీగిపోయినది. తుదకు 2007 జూనులో 188వ ఒడంబడికగా ఆమోదము పొందినది. అది అమలునకు వచ్చుటకు పది రాజ్యముల అంగీకారము చాలును. ఆ పదింటిని కూడగట్టుటకే దాదాపు పదేండ్లు పట్టినది! 2017 నవంబరు 16వ తేదీనగాని అది అమలులోనికి రాలేదు.

ఈ ఒడంబడిక కోరుచున్నదేమి? పదునారేండ్లు నిండని బాలుని పనిలో పెట్టరాదు. కలాసీ దేహారోగ్యమునకు వైద్యుని ధ్రువపత్ర ముండవలెను. పని షరతులు కాగితముపై నుండవలెను. మూడుదినములకు మించి కడలిపై నుండు ఓడలో ప్రతివానికి దినమునకు పదిగంటలు, వారమునకు 77 గంటలు విశ్రాంతి లభింపవలెను. మందులును, ప్రథమచికిత్స నెరిగిన మనిషియు నుండవలెను. వీనిలో అసాధ్యమైనది ఒక్కటియు మాకు కానరాదు. ఇంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. జీతమునకు బదులు వేటలో వాటా పుచ్చుకొనువాడును ఈ ఒడంబడికక్రింద కార్మికుడే. “వాడు కూలివాడు కాడు, భాగస్వామి” యని చెప్పి బాధ్యతను తప్పించుకొను మార్గము దీనితో మూతపడినది.

కాగితముపై నున్న ధర్మము రేవులో పనిచేయునా యని సందేహించువారికి 2018లో సమాధానము దొరకినది. కేప్‌టౌను రేవునకు వచ్చిన తైవాను చేపల ఓడ నొకదానిని దక్షిణాఫ్రికా అధికారులు ఈ ఒడంబడికను బట్టి నిలిపివేసిరి. పత్రములు లేవు, ఆహారము చాలదు, వసతి హీనము, రక్షణ సామగ్రి లోపభూయిష్ఠము. ఇట్లు పట్టుబడిన ఓడలలో ప్రపంచమున ఇదియే మొదటిది. తన జెండా క్రింది ఓడను స్వదేశము పట్టించుకొనకున్నను, అది చేరిన రేవు పట్టించుకొనగలదని ఇందువలన తేటపడినది.

ఓడల నిర్మాణము, పటుత్వముల విషయమున మాత్రము చరిత్ర ఇంత ఆశాజనకముగా లేదు. 1977లో స్పెయినుదేశపు టొర్రెమొలినోసున కుదిరిన ఒడంబడిక అమలునకు రానేలేదు. 1993లో దానిని సవరించిరి, అదియు అంతే. 2012లో కేప్‌టౌనులో మరల సడలించి, 22 రాజ్యములును, వానికి చెందిన 3,600 ఓడలును చేరిన చాలుననిరి. 2022 అక్టోబరులోగా దీనిని నెరవేర్తుమని 2019లో సుమారు ఏబది రాజ్యములు వాగ్దానము చేసినవి. ఆ గడువును గడచిపోయినది. తన ఓడకు వ్యయము పెరిగి పొరుగువాని ఓడకు పెరుగకున్న నష్టపోవుదుమని ప్రతి ప్రభుత్వమును వెనుకాడుటయే దీనికి హేతువని మా అభిప్రాయము.

సముద్రము గంగమ్మతల్లి ఇష్టము, మనుష్యప్రయత్న మేమి చేయగలదని కొందరందురు. వారు హల్ నగర వృత్తాంతమును వినవలెను. 1968 జనవరి, ఫిబ్రవరి మాసములలో ఆ ఇంగ్లీషు రేవునకు చెందిన మూడు ఓడలు మునిగి 58 మంది మరణించిరి. వానిలో ఒకదానియందు రేడియో పనివాడే లేడు. ఆ పేటలోని స్త్రీలు, లిలియన్ బిలొక్కా మున్నగువారు, వీధులకెక్కి మంత్రులను నిలదీసిరి. రేడియో పనివాడు లేక ఓడ కదలరాదనియు, వైద్యసహాయముగల ఓడ వెంట నుండవలెననియు సాధించుకొనిరి. ఐస్‌లండు 1985లో సముద్రరక్షణ శిక్షణాలయమును నెలకొల్పి, క్రమముగా శిక్షణను నిర్బంధము చేసినది. 2008లో ఆ దేశపు నావికులలో ఒక్కరును కడలిపాలు కాలేదు. ఆ సముద్రము చల్లబడలేదు, తుపానులు మానలేదు; మనుష్యుల ఏర్పాటు మారినది.

అలాస్కా పీతలవేట మరియొక పాఠమును నేర్పుచున్నది. అచట పూర్వము కొలదిదినముల ఋతువులో ఎవరికి దొరకినది వారిది. అందుచే నిద్రాహారములు మాని తుపానులోనే పరుగిడి చచ్చుచుండిరి. 2005లో ఎవరి వాటా వారికి ముందే నిర్ణయించుటతో తొందర తగ్గినది. అంతకు కొలది యేండ్లముందే రేవులలో ఓడల పటుత్వ పరీక్షయు మొదలైనది. మరణములు మిక్కిలి తగ్గినవి. అయితే పడవల సంఖ్య తగ్గి అనేకులు పని కోల్పోయిరనుటయు నిజము. కనుక ఆ పద్ధతి నట్లే తెచ్చుకొనుమని మేము చెప్పము. ప్రాణమును తీయునది అలయొక్కటియే కాదు, తొందరయు నని మాత్రము గ్రహింపవలెను.

ఇక మన సంగతి. 1996 నవంబరు 6వ తేదీ తుపానున గోదావరీతీరమున వేటకు పోయిన జాలరులు వందలకొలది తిరిగిరాలేదు. 2017లో ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు పల్లెలను అట్లే దుఃఖపెట్టినది. ఇక్కడ బ్రతుకు చాలక శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల జాలరులు గుజరాతులోని వెరావలునకు పోయి పరుల పడవలలో పనిచేయుచున్నారు. అట్టివారే 2018 నవంబరులో పాకిస్తానుకు చిక్కి, వారిలో ఇరువదిమంది 2020 జనవరిలోగాని వాఘా దాటి రాలేదు. వేట ముగిసినపిదప చమురు, మంచు ఖర్చులను మినహాయించి మిగిలినదానిలో వాటా పంచుట మన మరపడవల ఆచారము. చేప తక్కువైన కలాసీ ఇంకను దూరము, ఇంకను ఎక్కువదినములు పోవలసినవాడే.

కేప్‌టౌను నిబంధనలు 24 మీటర్లు మొదలుకొని పై ఓడలకే వర్తించును. మన పడవలు చాలవరకు అంతకు లోపువి. చిన్న పడవకును వర్తించునది 188వ ఒడంబడిక. పేదదేశములు దానిని అంచెలంచెలుగా అమలుపరుపవచ్చునని అందే వెసులుబాటు గలదు. థాయిలాండు 2019లో అంగీకరించినది. అంతటి విశాల తీరముగల భారతదేశము వెనుకబడుటకు తగిన కారణము మాకు దోపదు.

మనవారికి బుద్ధి లేకకాదు. కడలినుండి ఆపదను ఉపగ్రహముద్వారా తెలుపుటయేగాక, మొర వినబడినదని జవాబును పొందగల యంత్రమును ఇస్రో 2024లో సిద్ధపరచినది. మరణించినవాని కుటుంబమునకు కేంద్రపథకముక్రింద 5 లక్షల బీమాయు గలదు. కాని బీమా చచ్చినవానికి వెల కట్టునే గాని బ్రతుకుటకు దారి చూపదు. శవము దొరకనివాని భార్యకు ఆ వెలయు సులభముగా చేరదు. సాధారణ చట్టము ఏడేండ్లు కనబడనివానినిగాని చనిపోయినట్లు ఎంచదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట రక్షణ కానేరదు.

కావున ప్రభుత్వము చేయవలసినవి నాలుగు. ఒడంబడిక నంగీకరించి అంచెల గడువులను ప్రకటింపవలెను. కడలిపై జరుగు ప్రతి మరణమును కారణముతోసహా నమోదు చేయవలెను. తేలుకవచము, రేడియో, శిక్షణ లేక ఏ పడవయు రేవు విడువకుండ చూడవలెను; ఆ వ్యయమును బీదవాని నెత్తిన రుద్దరాదు. పరరాష్ట్రములకు పోవు కలాసీకి వ్రాతపూర్వకమైన ఒప్పందము నిప్పింపవలెను.

వాన తప్పిన రైతు పంటను పోగొట్టుకొనును. గాలి తప్పిన జాలరి ప్రాణమునే పోగొట్టుకొనును. రైతు మొర శాసనసభలో వినబడుచున్నది. జాలరి మొర అలలహోరులో కలిసిపోవుచున్నది. ఆ చేపను కొని తిను పట్టణవాసులును, వోటు నడుగవచ్చినవారిని ప్రశ్నింపగల గ్రామపెద్దలును తమ గొంతును వానికి కొంత ఎరువిత్తురుగాక.