తొలిచూలు - పెద్దరికము

మొదటి సంతానమును తెలుపుటకు తెలుగున మూడు మాటలు వాడుదుము: తొలిచూలు, పెద్ద, జ్యేష్ఠ. తరగతిలో వీనిని పర్యాయపదములని చెప్పి దాటిపోవుట పరిపాటి. అవి పర్యాయపదములు కావని నా అభిప్రాయము.

చూలనగా గర్భము, చూలాలనగా గర్భవతి. కావున తొలిచూలనునది తల్లినిబట్టి ఏర్పడిన మాట. తెలంగాణపు పల్లెలలో అది ‘తొలుసూరు’గా వినబడును. పిట్లమువంటి సరిహద్దు సీమలో మనకు ఇరుగుపొరుగులైన భాషలలోను ఇట్టి మాటలున్నవి: కన్నడమున ‘చొచ్చల’, ఉర్దూలో ‘పహలౌఠీ’. తొలిచూలునకు కొడుకా, కూతురా అను విచారణ లేదు.

‘పెద్ద’ అనునది ఇంటిలోని స్థానము. కుంతికి తొలిచూలు కర్ణుడు. లోకము పెద్దకొడుకుగా ఎరిగినది ధర్మరాజును. ఈ రెండు మాటలకు నడుమనున్న అంతరమే కర్ణుని కథలోని విషాదము.

‘జ్యేష్ఠ’ శబ్దమున వయస్సుతోపాటు ప్రశంసయు కలదు. పాణిని ప్రశస్య, వృద్ధ శబ్దములు రెంటికిని ‘జ్య’ అను ఆదేశమును విధించెను. అనగా జ్యేష్ఠుడు మిక్కిలి పెద్దవాడును, మిక్కిలి మేలైనవాడును. కాని ఆ గౌరవము పుత్రులకే చెల్లుచు వచ్చినది. దశరథునకు శాంత యను కుమార్తె కలదనియు, ఆమెను రోమపాదునకు పెంపునకు ఇచ్చెననియు భవభూతి ఉత్తరరామచరితమున చెప్పెను. ఆమె భర్తయైన ఋష్యశృంగుడు జరిపించిన యాగఫలముగా రాముడు జన్మించెను. ఐనను దశరథుని జ్యేష్ఠ సంతానమెవరని అడిగినచో విద్యార్థి రాముడనియే బదులు చెప్పును.

ఇది కేవలము పదచర్చ కాదు. మన ఇండ్లలో పెద్దబిడ్డకు పెద్దరికపు బరువు ముందుగా దక్కును: తమ్ముని ఎత్తుకొనవలెను, నీళ్లు తేవలెను, అవసరము వచ్చినచో బడి మానవలెను. అధికారము మాట వచ్చుసరికి ఆమె ‘ఆడపిల్ల’ యగును. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కు నిచ్చినది. 2015 డిసెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము, ఉమ్మడి కుటుంబమున మొదట పుట్టినది కుమార్తెయైనచో ఆమెయు కర్త కాదగునని తీర్పు చెప్పెను. తొలిచూలు అను మాటలో ఏనాడో ఉన్న న్యాయము చట్టమునకు ఇన్నాళ్లకు అందినది.

ఉపాధ్యాయులు నల్లబల్లపై ‘జ్యేష్ఠుడు’ అని వ్రాసినపుడు ప్రక్కనే ‘జ్యేష్ఠురాలు’ అనియు వ్రాయుదురుగాక. ఇంటిపని వలన తరగతికి రాని పెద్దబిడ్డ ఎవరైన ఉన్నచో, ఆమె ఇంటికి పోయి తల్లిదండ్రులతో మాటలాడుదురుగాక. పెద్ద యని పిలిచినపుడు ఆమె చదువునకును ఆ పెద్దపీట వేయవలెను.