రాలిన ఆకుకు నిప్పు పెట్టకండి

కొన్నాళ్లలో మోదుగ పూస్తుంది, ఇప్ప రాలుతుంది, తునికాకు పని మొదలవుతుంది. ఉట్నూరు, జన్నారం, ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవులు కాలే రోజులూ అవే. అడవిలో ఉండేవారికి, దాని మీద బతికేవారికి, ఆ దారిన పోయేవారికి ఒక్కటే విజ్ఞప్తి: ఈసారి నేల మీది ఆకును కాల్చకండి. ఎందుకో తెలియాలంటే మన అడవి ఇలా ఎందుకుందో ముందు చూడాలి. ఆదిలాబాద్ నుంచి ఇదే అక్షాంశం పట్టుకుని పడమటికి పోతే అరేబియా ఎడారి, దాన్ని దాటితే సహారా. అక్కడా ఇక్కడా ఎండ ఒక్కటే. అక్కడ ఇసుక, ఇక్కడ టేకు. తేడా తెచ్చింది నైరుతి రుతుపవనం. మనకు ఏటా సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, కానీ అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. అమెజాన్‌లోలా ఏడాదంతా తడి ఉంటే చెట్టు ఒక్కసారిగా బోడి కావాల్సిన పని లేదు. ఇక్కడ మిగతా ఎనిమిది నెలలు ఉన్న కొద్దిపాటి తడితోనే గడవాలి. నీరు ఆవిరయ్యేది ఆకులోంచే కనుక, టేకు విస్తరంత ఆకుల్ని వదిలించుకుంటుంది.

అమెజాన్ వేడిలో, తేమలో రాలిన ఆకు నెలల్లో మట్టిలో కలుస్తుంది. కెనడా చలి అడవుల్లో ఏళ్లు పడుతుంది. మన ఆకు తొలకరి దాకా ఎదురుచూస్తుంది. ఏప్రిల్‌లో ఒక పొర ఎత్తి చూడండి: పైన ఫెళఫెళమనే ఎండుటాకు, దాని కింద ఈనెలు మాత్రమే మిగిలిన పాత ఆకు, చెదలు కట్టిన మట్టి గొట్టాలు, అడుగున పైకంటే చల్లగా ఉన్న నల్లటి నేల. వాన పడగానే బూజు, చెదలు, వానపాములు కలిసి దీన్ని మళ్లీ వేళ్లకు అందిస్తాయి. మనం చెత్త అనుకుని కాల్చేది చెట్టుకు వచ్చే ఏటి తిండి.

బూడిద కూడా ఎరువే కదా అంటారు. సగం నిజం. కాల్షియం, పొటాషియం, భాస్వరం చాలావరకు బూడిదలో మిగులుతాయి. నత్రజని మాత్రం ఎక్కువగా పొగతోనే పోతుంది. మిగిలినదీ కప్పు లేని నేల మీద నిలవదు, తొలి వానలకే వాగులో పడుతుంది. కడెం వాగు ఎగువన కొట్టుకుపోయిన మట్టి చేరేది కడెం జలాశయానికే. దాని కాలువ కిందే జన్నారం, దండేపల్లి, లక్సెట్టిపేట పొలాలున్నాయి.

అడవి ఎప్పటినుంచో కాలుతోంది, అయినా నిలిచే ఉంది అనే మాట మరింత గట్టిది. పెద్ద టేకు సెగను ఓర్చుకుంటుంది; మోదుగ, తునికి మొదట్లోంచి మళ్లీ చిగురిస్తాయి. కెనడాలో జాక్ పైన్ కాయ విచ్చుకోవాలంటే సాధారణంగా మంట వేడి తగలాల్సిందే. కానీ మన ఇప్ప గింజకు నిప్పుతో పని లేదు, వానకాలపు తడి చాలు. ఎప్పుడో ఒకసారి కాలడం వేరు, ఏటేటా కాలడం వేరు. ఏటేటా కాలే చోట పెద్ద చెట్లుంటాయి, వాటి పిల్లలుండవు. పైకి చూస్తే అడవి ఉన్నట్టే కనిపిస్తుంది, అదే మనల్ని మోసం చేస్తుంది. అటవీ శాఖే కాలుస్తుంది కదా అంటే, ఫైర్‌లైన్ల కోసం ముందుగానే, మనుషులు కాపలా ఉండి కాల్చే సన్నటి బాట అది. ఏప్రిల్ మంటకు అలాంటి హద్దేమీ లేదు.

అసలు ప్రశ్న కూడు. నిప్పు పెడితే తునికి లేత ఆకు వేస్తుందన్నది నిజమే. కొమ్మ కొట్టినా వేస్తుంది. కట్టకు 50 ఆకుల లెక్కన అమ్ముకునే కుటుంబాన్ని ఊరికే నిప్పు మానెయ్యమంటే న్యాయం కాదు. కొమ్మ కొట్టే కూలి సకాలంలో అందాలి. కోరుట్ల, సిరిసిల్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతికొచ్చేదీ ఈ ఆకే కనుక, ఇది అడవి ఊళ్ల గొడవ మాత్రమే కాదు. ఇప్పచెట్టు కింద కాల్చే బదులు ఊడ్చి, పాత చీర పరిస్తే పువ్వు మన్ను అంటకుండా దొరుకుతుంది. కష్టం ఎక్కువే, కాదనను.

గ్రామసభలు హోళీకి ముందే కూర్చుని ఈ మాట తేల్చుకోవాలి. తునికాకు కాంట్రాక్టర్లు కొమ్మ కొట్టే కూలి ముందే పక్కన పెట్టాలి. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేవారు బీడీ ముక్క, సిగరెట్ ముక్క బయటికి విసరొద్దు. అటవీ అధికారులకు కూడా ఒక మనవి: మంట లేచిన ప్రతిసారీ విచారణ లేకుండా పక్కనున్న గూడెం మీద కేసు రాయకండి, ముందుగా ఆర్పడానికి వచ్చేది ఆ గూడెం వాళ్లే.