వెలుగా, వేషమా?

హోసూరు దారులలో ప్రొద్దు గ్రుంకినచో మన యువకుల మోటారుసైకిళ్లు పెండ్లిపందిళ్లవలె మెరయుచున్నవి. ఇంజను క్రింద నీలము, చక్రములకు పచ్చ, ముందు ఎరుపు! అలంకారమును మేము నిందింపము. సైకిలు చక్రములకు పూసలు గ్రుచ్చినవారమే. కాని వెనుక దీపము మాడి నెలయైనను మార్పింపనివాడు రంగుల పట్టీలకు వేలు వెచ్చించుట యేమి విడ్డూరము? ముందునకు ఎరుపు చూపరాదనియు, వెనుకకు ఎరుపు తప్ప వేరు రంగు చూపరాదనియు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు చెప్పుచున్నవి. ఇది చాదస్తము గాదు. చీకటిలో ఎరుపును చూచిన లారీవాడు బండి తనకు ముందుగా పోవుచున్నదనుకొనును. అది యెదురుగా వచ్చుచుండును! 2017 ఏప్రిలు నుండి క్రొత్త బండ్లకు ముందుదీపము పగలును వెలుగుట యితరులకు కనబడుటకే గదా. ఇక ఫ్యూజు లేక బ్యాటరీకి నేరుగా తీగ తగిలించు మెకానిక్కుల మాట చెప్పనేల? తండ్రులారా, పిల్లవాడు పైకమడిగినపుడు మొదట వెనుక దీపమును వెలిగించి చూడుడు. మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టరు పట్టీ నంటింపుడు. ఆ పిమ్మట రంగుల ముచ్చట మాటాడుదము.