కొండ ఉంది, మనిషి లేడు

మా ఆఫీసుకు నెలకోసారి ఒక పెద్దాయన వస్తాడు. బెంచీ మీద కూర్చుని, టీ ఇస్తే తాగి, ఒకటే మాట అడుగుతాడు: ‘ఏమప్పా, నా ఫోటో దొరికిందా?’ ‘వెతుకుతున్నాం సార్’ అంటాను. మూడేళ్లుగా ఇదే జవాబు.

ఆ రోజు పేజీలో అరకాలం ఖాళీ పడింది. ‘వింత వార్త ఏదైనా పంపు’ అని డెస్కు నుంచి ఫోను. రెండు తలల దూడలు అడిగినప్పుడల్లా పుడతాయా? సరిగ్గా అప్పుడే ఈయన ఒక నలుపు తెలుపు ఫోటో తెచ్చాడు. బళ్ళారి కోట కొండ. కింద చెట్టు దగ్గర సైకిలు పట్టుకుని పంచెకట్టులో వాళ్ల నాన్న. వెనక పెన్సిలుతో 1952 అని ఉంది. అంటే ఊరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న కాలం. మరుసటి ఏడు అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. ఆయన మేనత్త ఇల్లు ఆదోనిలో. రాత్రికి రాత్రి పుట్టింటికి, మెట్టింటికి మధ్య రాష్ట్రం హద్దు పడింది.

ఇవన్నీ రాసి పంపాను. తెల్లారి పేపరు చూస్తే ఫోటోలో కొండ ఒక్కటే ఉంది. నాన్న లేడు, సైకిలూ లేదు. పైగా కింద ‘గుత్తి కోట’ అని వేశారు. పొద్దున్నుంచీ ఫోన్లే ఫోన్లు. గుత్తికీ బళ్ళారికీ తేడా తెలీదా అని ఒకాయన, కుంబార గుడ్డ కథ మొదలుపెట్టి ఇంకొకాయన. హైదర్ అలీకి కోట కట్టిచ్చిన ఫ్రెంచి ఇంజనీరును, పక్కనున్న ఆ గుడ్డ కోట కంటే ఎత్తుందని తర్వాత తెలిసి ఉరి తీశారని ఇక్కడ అందరూ చెప్పే కథే. మా సబ్ఎడిటరు అదృష్టవంతుడు, రెండు లైన్ల సవరణతో బయటపడ్డాడు.

కొండ పేరు తప్పు పోయిందని అంతమంది అడిగారు. మనిషిని ఎందుకు కోశారని అడిగింది కొడుకొక్కడే. అసలు ఫోటో ఇస్తే చాలన్నాడు. అది ఏ కవర్లో పోయిందో, ఏ టేబుల్ కింద పడిందో ఇంతవరకు ఎవరికీ తెలీదు. తప్పు మాదే.

మనుషులుంటే కట్టడం అందం చెడుతుందని పేపరు వాళ్లకు ఒక నమ్మకం. కొండకు ఏళ్లు ఎక్కడ కనిపిస్తాయి? 1952లోనూ అదే బండ, ఇప్పుడూ అదే బండ. కాలం చెప్పేది ఆ పంచె, ఆ సైకిలు, అంగడి బోర్డు మీది అక్షరాలు. 2014 నవంబర్ 1న బెళ్ళారిని బళ్ళారి చేస్తూ ఇంగ్లీషు బోర్డులు మార్చారు. తెలుగులో మనం మార్చడానికేమీ లేదు, ముందునుంచీ బళ్ళారే. ఆ ముక్క కూడా రేపు ఎవరి ఇంటి ఫోటోలోనో కనిపించాల్సిందే.

అందుకే చెబుతున్నాను, అసలు ఫోటో ఎవరికీ ఇవ్వకండి. మాకు కూడా. జేబులో ఫోను పెట్టుకున్న విలేకరికి మీ ఆల్బం ఆఫీసుకు మోసుకుపోయే పనేముంది? ముందూ వెనకా మీ కళ్లెదుటే తీసుకుని, అక్కడికక్కడే తిరిగివ్వాలి. మా ఆఫీసులో ఇది రూలు చేయమని అడిగాను. ‘చూద్దాం’ అన్నారు.

పోయిన వారం పెద్దాయన ఇంకో ఫోటో తెచ్చాడు. వాళ్లమ్మది, కోట దగ్గరే. చేయి చాపాను. ఇవ్వలేదు. రెండు చేతుల్తో అంచులు పట్టుకుని, ‘ఊ, తీసుకో’ అన్నాడు.